సర్రియలిజాన్ని డాలీ మీసాలకు కట్టేయకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు.

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో, కలలనూ అచేతన మనస్సునూ ఆధారం చేసుకున్న సర్రియలిజం అనే కళోద్యమం మీద పూర్తి పేజీ వ్యాసం ఒకటి వచ్చింది. తెలుగు దినపత్రిక ఒక కళోద్యమానికి పేజీ మొత్తం ఇవ్వడం అరుదైన విషయం కనుక, గుంటూరులో చాలాకాలం పిల్లలకు చిత్రలేఖనం నేర్పిన నేను దానిని ఎంతో ఇష్టంగా చదవడం మొదలుపెట్టాను. పేజీ చివరికి వచ్చేసరికి స్పెయిన్ చిత్రకారుడు డాలీ మీసాలు, కరిగిన గడియారాలు, వేలంపాటల ధరలు తప్ప చేతికి ఏమీ మిగలలేదు. 1967లో డాలీ ఎయిర్ ఇండియా కోసం ఒక ఆష్‌ట్రే రూపొందించి, డబ్బుకు బదులు ఏనుగు పిల్లను పుచ్చుకున్న కథకు అర కాలమ్ ఇచ్చారు. ఉద్యమానికి మూలపురుషుడైన ఫ్రెంచి కవి ఆంద్రే బ్రెటన్ పేరు ఒక్కసారి మాత్రమే వచ్చింది, పక్కన వేసిన సంవత్సరం కూడా తప్పు. చిత్రకారిణుల పేరు ఒక్కటీ లేదు. వీటన్నిటి మీదా 'అర్థం లేని కలల బొమ్మలు' అనే శీర్షిక. నాకు ప్రధానంగా అభ్యంతరం ఆ శీర్షిక మీదే. ఎందుకో వివరంగా చెప్పవలసి ఉంది కాబట్టి ఉత్తరం కొంత దీర్ఘమైనా పూర్తిగా చదవమని మనవి.

ఈ ఉద్యమం పుట్టుకను వెతుక్కుంటూ వెళితే మనం చేరేది మొదటి ప్రపంచ యుద్ధకాలపు సైనిక ఆసుపత్రికి. బ్రెటన్ అప్పుడు వైద్య విద్యార్థి. 1916లో సెయింట్ డిజియేలోని మానసిక చికిత్సా కేంద్రంలో, ఫిరంగుల మోతకు మతి చలించిన సైనికుల మధ్య పనిచేశాడు. యుద్ధమంతా ఎవరో ఆడిస్తున్న నాటకమని, గాయాలన్నీ రంగుపూతలని నిండు మనసుతో నమ్మిన ఒక సైనికుడి గురించి ఆయన తర్వాత కూడా చెప్పుకున్నాడు. అచేతన మనస్సు గురించి మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ చెప్పిన ఆలోచనలు ఆయనకు పరిచయమైనది కూడా ఆ రోజుల్లోనే. తర్వాత ఈ ఉద్యమంలో చేరిన చిత్రకారుడు ఆంద్రే మాసన్ 1917లో యుద్ధరంగంలో ఛాతీకి తీవ్రంగా గాయపడి బతికి బయటపడినవాడు. మరో చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ జర్మన్ సేనలోనూ, తర్వాత ఆయనకు ప్రాణమిత్రుడైన కవి పాల్ ఎలువార్ ఫ్రెంచి సేనలోనూ పనిచేశారు. లక్షల మందిని కందకాల్లోకి పంపి చంపించిన పెద్దలందరూ తర్కం, దేశభక్తి, నాగరికత అనే మాటలను చాలా స్పష్టంగా, వ్యాకరణ దోషం లేకుండా పలికినవారే. ఆ తర్కం మీద ఈ యువకులకు నమ్మకం పోయింది. మనిషిలో ఆ తర్కానికి లొంగని చోటు ఏదైనా ఉందా అని వారు వెతికారు. కలను వారు పట్టుకున్నది ఆ వెతుకులాటలోనే. ఈ నేపథ్యాన్ని ఒక్క పేరాలోనైనా చెప్పకుండా గడియారాలు కరిగిపోవడాన్ని మాత్రమే చూపిస్తే పాఠకుడు వాటిని గారడీ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

'సర్రియలిస్టు' అనే మాటను 1917లో అపొలినేర్ అనే కవి వాడాడు. 1919లో బ్రెటన్, ఫిలిప్ సూపో కలిసి, ఆలోచన అడ్డు తగలకుండా చేతికి వచ్చింది వచ్చినట్టు వేగంగా రాసుకుంటూ పోయే ప్రయోగం చేశారు. 1924 అక్టోబరులో ఉద్యమ ఆశయాలను ప్రకటించే బ్రెటన్ మేనిఫెస్టో వెలువడింది. అది ప్రధానంగా రచయితల గురించి రాసిన పత్రం. చిత్రకారుల పేర్లు అందులో ఒక అధోజ్ఞాపికలో మాత్రమే కనిపిస్తాయి. మరుసటి సంవత్సరం వారి సొంత పత్రికలోనే పియేర్ నావిల్ అనే సభ్యుడు, సర్రియలిస్టు చిత్రకళ అనేది ఉండనే ఉండదని వాదించాడు. ఆయన సందేహం తేలికగా తోసివేయదగినది కాదు. కలం కాగితం మీద ఆలోచనతో సమానంగా పరుగెత్తగలదు. తైలవర్ణ చిత్రం అలా కాదు. రంగు కలపాలి, ఆరేదాకా ఆగాలి, మళ్ళీ దిద్దాలి. ఇంత ఓపికతో, ఇంత ఎరుకతో చేసే పనిలోకి అచేతన మనస్సు ఎక్కడినుంచి ప్రవేశిస్తుంది? ఈ ఉద్యమంలోని మంచి చిత్రాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు వేర్వేరు జవాబులని నా అభిప్రాయం. అందువల్లనే వాటిని అర్థం లేనివని కొట్టివేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఎర్నెస్ట్ జవాబును మన గుంటూరు బడిపిల్లలు కూడా చేసి చూడవచ్చు. 1925 వేసవిలో ఫ్రాన్సు సముద్రతీరంలోని పోర్నిక్ అనే ఊరి సత్రంలో, అరిగిపోయిన చెక్క నేల గీతలు ఆయన చూపును పట్టుకున్నాయి. ఆ చెక్కల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాడు. అలా తేలిన గీతల్లో అడవులు, పక్షులు, సముద్రాలు ఆయనకు కనిపించసాగాయి. దీనికి ఫ్రాటాజ్ అని పేరు. రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దని పిల్లలు మన ఊళ్ళలో ఉన్నారా? తేడా ఏమిటంటే, ఎర్నెస్ట్ అక్కడితో ఆగలేదు. రుద్దగా వచ్చిన ఆకారాన్ని ఓపికగా చూస్తూ, అది ఏమవ్వాలని అడుగుతోందో కనిపెట్టి, దానికి కావలసినంత మాత్రమే చేయి చేసుకున్నాడు. తరగతిలో తాటాకు చాప మీదా, వేపచెట్టు బెరడు మీదా ఈ పద్ధతిని చేయించినప్పుడు, బొమ్మ వేయడం రాదని ముడుచుకుని కూర్చునే పిల్లలే అందరికంటే ముందు లేచి తమ కాగితం చూపించడం నేను చూశాను. చేతికి రాని నైపుణ్యం గురించిన భయాన్ని ఈ పద్ధతి పక్కకు జరుపుతుంది. డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించే అలవాటు బలంగా ఉన్న మన విజయవాడ, గుంటూరు విద్యాసంస్థలకు ఈ సంగతి తెలియజెప్పగల శక్తి మీవంటి పత్రికలకే ఉంది.

మాసన్ మరో దారిలో, చేయి పోయినట్టల్లా గీత గీసుకుంటూ పోయాడు. కాన్వాసు మీద జిగురు పూసి ఇసుక చల్లి, అది నిలిచిన చోటునుంచి చిత్రాన్ని మొదలుపెట్టాడు. హువాన్ మీరో అనే చిత్రకారుడి బొమ్మలు చూడడానికి ఆటలా ఉంటాయి కానీ, వాటి వెనుక చాలా కఠినమైన ఎంపిక ఉంది. వీరికి పూర్తిగా భిన్నమైన రెండో దారి డాలీ, మాగ్రిట్, టాంగీ అనే చిత్రకారులది. వారు పాతకాలపు చిత్రకారుల్లాగే నీడలనూ దూరాలనూ నిక్కచ్చిగా వేశారు, వేసిన వస్తువును మాత్రం ఎక్కడా లేని చోట ఉంచారు. ఈ రెండు దారుల భేదం చెప్పకుండా ఉద్యమమంతటినీ ఒకే బొమ్మతో చూపించడం పాఠకుడిని దారి తప్పించడమే అవుతుంది.

డాలీని తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. మీరు వేసిన ఆ గడియారాల చిత్రం 1931 నాటిది, న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. దాని అసలు కొలత 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. మీ వ్యాసం దాన్ని 'భారీ కాన్వాసు' అని వర్ణించింది. మీరు పేజీకి అడ్డంగా అచ్చు వేసిన ప్రతి, అసలు చిత్రం కంటే ఏమంత చిన్నది కాదు. ఇది చిన్న పొరపాటుగా కనిపించవచ్చు. నా దృష్టిలో ఆ చిత్రం బలమంతా ఆ చిన్నదనంలోనే ఉంది. చూసేవాడు ముఖం దగ్గరగా పెట్టి, ఆభరణం పనితనాన్ని చూసినట్టు చూడవలసిన చిత్రమది. వెనుక కనిపించే రాళ్ళు కూడా ఊహించి వేసినవి కావు, డాలీ పుట్టి పెరిగిన కాటలోనియా సముద్రతీరపు కొండరాళ్ళే. అలాగే ఆయన 1936లో వేసిన చిత్రంలో తనను తానే చీల్చుకుంటున్న ఒక భారీ శరీరం ఉంటుంది. దానికి స్పెయిన్ అంతర్యుద్ధపు ముందస్తు సూచన అనే అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టాడు. అదే మనిషి తర్వాత ఫ్రాంకో నియంతృత్వానికి అనుకూలంగా మారాడు, 1930ల చివరికి బ్రెటన్ బృందంతో ఆయన సంబంధం పూర్తిగా తెగిపోయింది. మీసాల కంటే ఈ వైరుధ్యం గురించి పాఠకులకు చెప్పవలసింది ఎంతో ఉంది.

ఇక మాగ్రిట్. మీ వ్యాసంలో ఆయన పేరు 2024 నవంబరులో న్యూయార్క్ వేలంలో ఒక చిత్రం 12.1 కోట్ల డాలర్లకు అమ్ముడైన సందర్భంలో మాత్రమే వచ్చింది. బెల్జియం దేశస్థుడైన ఈ చిత్రకారుడు యువకుడిగా గోడకాగితాల కర్మాగారంలో డిజైన్లు వేసి, వ్యాపార ప్రకటనల పోస్టర్లు గీసి బతికినవాడు. బ్రసెల్స్‌లోని ఇంట్లో చాలాకాలం భోజనాల గదిలోనే బొమ్మలు వేసుకున్నాడు. ఆయన 1953లో వేసిన ఒక చిత్రం పేరు 'గోల్కొండ'. తెలుగు పత్రికలో సర్రియలిజం గురించి రాస్తూ ఈ చిత్రాన్ని వదిలివేయడం నాకు ఎంతో బాధ కలిగించింది.

ఆ చిత్రంలో మన కోట లేదు, మన దేశపు ఆనవాలు ఏదీ లేదు. ఎర్రకప్పుల ఇళ్ళు, పైన నీలి ఆకాశం, ఆ ఆకాశం నిండా నల్లని ఓవర్‌కోటు, గుండ్రటి టోపీ ధరించిన పురుషులు. అందరూ నిటారుగా, వరుసలు తప్పకుండా గాలిలో నిలిచి ఉంటారు. వారు వానలా కురుస్తున్నారో, పైకి లేస్తున్నారో, అలాగే ఆగిపోయారో ఎంతసేపు చూసినా తేలదు. మొదట అందరూ ఒక్కటే అనిపిస్తుంది. నిదానంగా చూస్తే ముఖాలు వేరు, చూపులు వేరు. దాదాపు 80 సెంటీమీటర్ల ఎత్తు, 100 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఈ తైలవర్ణ చిత్రం ఇప్పుడు అమెరికాలో, హ్యూస్టన్‌లోని మెనిల్ సేకరణలో ఉంది. గోల్కొండ అనే పేరును సూచించినది మాగ్రిట్ మిత్రుడైన కవి లూయి స్కుటనేర్. యూరప్‌లో ఆ రోజులకే గోల్కొండ అంటే అంతులేని సంపదకు మారుపేరు. ఆ పేరు అంత దూరం వెళ్ళడానికి కారణమైన వజ్రాలు దొరికిన గనుల్లో అత్యంత ప్రసిద్ధమైనది మన కృష్ణా తీరంలోని కొల్లూరు. నిన్నటిదాకా గుంటూరు జిల్లాలో, నేడు పల్నాడు జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం పులిచింతల జలాశయం నీటి కిందికి వెళ్ళింది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఆ గనిని స్వయంగా చూసి రాసిన వివరాలు యూరప్ అంతటా చదివారు. మాగ్రిట్ చిత్రాన్ని మనదని చెప్పుకోమని నేను అనడం లేదు. అలా చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఒకే రకం కోట్లూ టోపీల్లో కనిపించే నగర గుమాస్తాలకు అపార సంపద పేరు ఎందుకు పెట్టారో ఆలోచించడానికి, గోల్కొండ వజ్రాలు ఎక్కడ తవ్వారో ఎరిగిన మన పాఠకుడికి, మరెవరికీ లేని ఒక చనువు ఉంటుందని మాత్రమే నా మనవి.

మాగ్రిట్ విషయంలోనే మరొక మాట. ఆయన పద్నాలుగేళ్ళు నిండకముందే, 1912లో, తల్లి నదిలో పడి ఆత్మహత్య చేసుకుంది. 1928లో ఆయన వేసిన, ముఖాలకు గుడ్డ కప్పుకున్న ప్రేమికుల చిత్రాన్ని ఆ సంఘటనతో ముడిపెట్టి వివరించేవారు చాలామంది. ఆయన తన చిత్రాలకు ఇటువంటి వివరణలను అంగీకరించలేదు. మన వ్యాసకర్తలు ఈ విషయంలో కొంత జాగ్రత్త పాటించాలి. అర్థం లేదని కొట్టివేయడం ఎంత తొందరపాటో, ప్రతి వస్తువుకూ నిఘంటువులోలా ఒక అర్థం చెప్పివేయడం కూడా అంతే తొందరపాటు.

మీ వ్యాసంలో స్త్రీలు లేకపోవడానికి కొంత కారణం ఉద్యమంలోనే ఉందని ఒప్పుకోవాలి. 1929 డిసెంబరులో వారి పత్రికలో, మాగ్రిట్ వేసిన ఒక నగ్న స్త్రీ చిత్రం చుట్టూ కళ్ళు మూసుకున్న పదహారు మంది సభ్యుల ఫొటోలు అచ్చు వేశారు. ఆ పదహారు మందీ పురుషులే. స్త్రీ వారికి కలలో కనిపించే వస్తువు, ప్రేరణ. బొమ్మ వేసే మనిషి కాదు. మనసుకు సంకెళ్ళు ఉండరాదని ఎలుగెత్తి చాటినవారి చూపు ఈ ఒక్క చోట ఎంత పాతదో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది. ఆ చూపును స్త్రీలే తమ పనితో ఎదుర్కొన్నారు. మెరెట్ ఓపెన్‌హైమ్ అనే కళాకారిణి ఇరవై మూడేళ్ళు నిండకముందే, 1936లో, టీ కప్పుకు, సాసరుకు, చెంచాకు జంతువు బొచ్చు తొడిగింది. ఆ కప్పును చూడగానే పెదవి, నాలుక ఒక్కసారిగా ఉలిక్కిపడతాయి. ఇంత చిన్న వస్తువుతో శరీరాన్ని అంతగా కదిలించిన పని ఈ ఉద్యమంలో మరొకటి ఉందని నేను అనుకోను.

చిత్రకారిణి, రచయిత్రి లియోనోరా కారింగ్టన్ జీవితం ఇంకా పెద్ద కథ. ఇంగ్లండులో సంపన్న కుటుంబంలో పుట్టి, మాక్స్ ఎర్నెస్ట్‌తో ఫ్రాన్సులో జీవించింది. రెండో యుద్ధం రాగానే ఎర్నెస్ట్‌ను శత్రుదేశస్థుడని ఫ్రెంచివారు నిర్బంధించారు. అంతకు ముందే, 1937లో, నాజీలు మ్యూనిక్‌లో పెట్టిన 'భ్రష్ట కళ' ప్రదర్శనలో ఆయన చిత్రాలను అవమానించారు. కారింగ్టన్ స్పెయిన్‌కు పారిపోయి, మనసు చెదిరి, 1940లో సాంటాండర్ పట్టణంలోని పిచ్చాసుపత్రిలో బంధింపబడింది. అక్కడినుంచి బయటపడి చివరకు మెక్సికో చేరి, 2011లో మరణించేదాకా బొమ్మలు వేస్తూనే, రాస్తూనే ఉంది. పిచ్చితనంలో స్వేచ్ఛ ఉందని పారిస్ కాఫీ హోటళ్ళలో పురుషులు కవిత్వం చెప్పుకుంటున్న కాలంలోనే, ఆ గదిలో గొళ్ళెం పడితే ఎలా ఉంటుందో ఆమె అనుభవించి, తర్వాత రాసింది. ఆమెకు ప్రియమిత్రురాలైన స్పెయిన్ చిత్రకారిణి రెమెడియోస్ వారో కూడా మెక్సికోలోనే స్థిరపడి 1963లో మరణించింది. రెమెడియోస్ చిత్రాల్లో స్త్రీలు వంటపాత్రలతోనూ, నూలుతోనూ, వింత యంత్రాలతోనూ విశ్వరహస్యాలను పరిశోధిస్తూ ఉంటారు. 1938లో మెక్సికో వెళ్ళిన బ్రెటన్, అక్కడి చిత్రకారిణి ఫ్రీడా కాలోను సర్రియలిస్టుగా, తమ మనిషిగా ప్రకటించాడు. తాను వేసేది కలలను కాదని, తన సొంత వాస్తవాన్నేనని ఆమె ఆ ముద్రను తిరస్కరించింది. ఈ స్త్రీలలో ఏ ఒక్కరి గురించి రాసినా మీ ఆదివారం పేజీ నిండిపోయేది.

కొందరు మిత్రులు నాతో, ఇదంతా పాశ్చాత్యుల గొప్పేమిటి, మన అమరావతి శిల్పాల్లో సర్రియలిజం రెండు వేల ఏళ్ళనాడే ఉంది కదా అంటారు. ఏనుగు తొండం, మొసలి నోరు, చేప తోక కలిసిన మకరాన్ని చూపిస్తారు. అమరావతి మీద నాకున్న ప్రేమ తక్కువది కాదు గానీ, ఈ పోలికను నేను అంగీకరించలేను. ఆ మకరం అప్పటి చూపరులందరికీ తెలిసిన రూపం. దానికి నమ్మకంలో ఒక చోటు, స్తూపం మీద ఒక స్థానం ఉన్నాయి. చూసినవాడికి అది నిబ్బరాన్ని ఇచ్చేది. ఓపెన్‌హైమ్ కప్పు ఏ పురాణానికీ చెందదు, ఎవరికీ నిబ్బరం ఇవ్వదు. ఉమ్మడి నమ్మకాలు కూలిపోయిన కాలంలో ఒంటరి మనిషి చేసిన వస్తువది. రెంటినీ ఒకే గాటన కడితే రెండూ అర్థం కాకుండా పోతాయి.

తెలుగువారికి సర్రియలిజం కొత్తదేమీ కాదు. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు వంటి కవులు దానిని ఏనాడో మన కవిత్వంలోకి తెచ్చారు. మనకు లోపించినది చూపు. ఆ రోజుల్లో రంగుల్లో బొమ్మలు అచ్చు వేసే వసతి పత్రికలకు లేకపోవడం వల్ల, ఈ ఉద్యమాన్ని మనం చెవితో విన్నాం గానీ కంటితో చూడలేదు. ఇప్పుడు ఆ వసతి ఉంది. తెనాలి దగ్గరి తుమ్మపూడిలో కూర్చుని ప్రపంచ చిత్రకళ గురించి స్వచ్ఛమైన తెలుగులో రాసిన సంజీవదేవ్ పుట్టిన నేల ఇది. ఇక్కడి పాఠకుడికి కళావ్యాసం బరువవుతుందేమోనన్న సందేహం మీకు అక్కరలేదు. పైగా ఈమధ్య కంప్యూటరు తయారుచేసిన ప్రతి వింత బొమ్మ కిందా 'సర్రియల్' అని రాయడం మామూలైపోయింది. ఎర్నెస్ట్ చెక్క నేల మీద మోకాళ్ళూని ఏం చేశాడో చెప్పేవారు లేకపోతే, నేటి పిల్లలకు ఆ రెంటి తేడా ఎలా తెలుస్తుంది?

కనుక నా విన్నపాలు ఇవి. ఆదివారం అనుబంధంలో వారానికి ఒక్క చిత్రాన్ని, మూల రంగులకు వీలైనంత దగ్గరగా అచ్చు వేసి, దాని కింద చిత్రకారుల పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు, ప్రస్తుతం ఉన్న మ్యూజియం పేరు తప్పనిసరిగా ఇవ్వండి. ధర ఇవ్వకపోయినా నష్టం లేదు. వ్యాసం రాయించేటప్పుడు విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంకు, గుంటూరు, విజయవాడల గ్రంథాలయాలకు వచ్చిపోయే చిత్రకళా ఉపాధ్యాయులను కూడా సంప్రదించండి. పారితోషికం లేకపోయినా సంతోషంగా రాసేవారు వారిలో ఉన్నారు. ప్రస్తుతానికి, సర్రియలిస్టు మేనిఫెస్టో వెలువడినది 1924లో అని, డాలీ గడియారాల చిత్రం కొలత 24, 33 సెంటీమీటర్లని వచ్చే ఆదివారం సంచికలో సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ పేజీని కత్తిరించి తరగతి గోడకు అంటించిన బడులు మా పేటలోనే ఉన్నాయి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు.